ఏడాదికొక్క ఫోను

వాషరు మార్చి, కుళాయి తిప్పి, కట్టి, మళ్ళీ తిప్పి, చుక్క కూడా కారదని నమ్మకం కుదిరాక గానీ అతను సింకు కింది నుంచి తల బయటికి పెట్టలేదు. నల్ల ప్యాంటు మోకాళ్ళ దగ్గర తడిసి కాళ్ళకి అంటుకుపోయింది. తెల్ల చొక్కా చేతులు మోచేతుల పైదాకా మడిచి ఉన్నాయి. టై నీళ్ళలో పడకుండా వెనక్కి తిప్పి వీపు మీద వేసుకున్నాడు. జేబుకి తగిలించుకున్న నల్ల బిళ్ళ మీద దేవుడి పేరు పెద్దక్షరాలతో, అతని పేరు చిన్నక్షరాలతో ఉన్నాయి. ఆ వీధిలో ఆ రెండు పేర్లూ ఎవరూ పట్టించుకోలేదు. చేతిలో ఎప్పుడూ ఉండే పనిముట్టు పేరుతో పిలిచేవారు. వాళ్ళ భాషలో దానికేదో మాట ఉంది, మన భాషలో అయితే పానా.

గుమ్మం పక్కన స్టూలు మీద అతని జంట సేవకుడు కూర్చుని ఉన్నాడు. నిటారుగా, రెండు మోకాళ్ళ మీద రెండు చేతులు పెట్టుకుని. వయసులో మూడేళ్ళు పెద్ద, సేవలో ఆరు నెలలు సీనియరు. ఇద్దరిదీ ఒకే దేశం, ఒకే భాష, ఊళ్ళే వేరు. సముద్రాలు దాటి వచ్చి ఇక్కడ ఒకే గదిలో పడ్డారు. ఇంటింటికీ తిరిగి దేవుడి వాక్యం చెప్పే ఈ సేవలో ఎవరూ ఒంటరిగా తిరగకూడదు. జంటగా లేవాలి, జంటగా నడవాలి, ఒకరి చూపులో ఒకరు ఉండాలి. ఇద్దరి మధ్యా మూసుకోదగింది బాత్రూము తలుపొక్కటే అని రూల్సు పుస్తకంలో రాసి ఉంది. పెద్దవాడికి ఆ పుస్తకం కంఠతా వచ్చు. అందుకని పానా అతన్ని ఎదుట ‘అన్నా’ అనీ, మనసులో ‘రూళ్ళకర్ర’ అనీ పిలుచుకునేవాడు. ఒకసారి నోరు జారి ఎదుటే అనేశాడు. రూళ్ళకర్ర నవ్వలేదు, కోప్పడనూ లేదు. “నిటారుగా ఉండటం తప్పు కాదుగా” అన్నాడంతే.

“పండగపూట పని చెప్పాను, ఏమనుకోకు నాయనా” అంది ఆ ఇంటి ముసలావిడ. ఆవిడ రిటైరైన టీచరు. ముప్పై ఏళ్ళు పిల్లల చేత ఎక్కాలు చెప్పించిన గొంతు ఇంకా అలాగే ఉంది.

“పండగని కుళాయికి తెలీదు కదండీ టీచరమ్మా.”

“మీలాంటి జంటలు పదేళ్ళుగా వస్తూనే ఉన్నాయి. అందరూ ఆకాశంలో ఏముందో చెప్పారు. నా సింకు కింద ఏముందో వంగి చూసినవాడివి నువ్వొక్కడివే.”

పానా చెవులు ఎర్రబడ్డాయి. రూళ్ళకర్ర గొంతు సవరించుకుని, పండుగ సందర్భంగా ఒక చిన్న వాక్యం చదవమంటారా అని అడిగాడు. టీచరమ్మ చదవమంది. చదువుతున్నంతసేపూ కుళాయి వంకే చూస్తూ కూర్చుంది.

పండుగ రోజున ఎవరి తలుపూ తట్టకూడదని రూలు. ఎవరైనా పిలిస్తే మాత్రం వెళ్ళవచ్చు. పానాని ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు. పదహారు నెలల్లో అతను ఆ పేటలో ఇరవై కుళాయిలు, ఆరు ఫ్లష్ ట్యాంకులు, లెక్కలేనన్ని తలుపు బందులు బాగుచేశాడు. ఒక్కరికి కూడా బాప్తిస్మం ఇప్పించలేకపోయాడు. ప్రతివారం ఈ సేవ నడిపించే పెద్దయ్యగారికి పంపే కాగితంలో మూడు గడులు ఉంటాయి. కలిసినవాళ్ళు, విన్నవాళ్ళు, చేరినవాళ్ళు. మూడో గడిలో పదహారు నెలలుగా సున్నా పెడుతూ వచ్చాడు. నోరు తెరిచి దేవుడి గురించి చెప్పబోతే మాట గొంతులో అడ్డం పడేది. చేతిలో పానా ఉంటే మాత్రం ఎంతసేపైనా మాట్లాడగలిగేవాడు, కానీ ఆ మాటలన్నీ పైపుల గురించే.

బయటికి వచ్చి గేటు దగ్గర రూళ్ళకర్ర సంచీలోంచి వీధి పుస్తకం తీశాడు. అది ఆ పేటలో సేవ చేసిన జంటలన్నీ ఒకరి చేతి నుంచి ఒకరికి అప్పగిస్తూ వచ్చిన లావుపాటి నోటుబుక్కు. ప్రతి ఇంటికీ ఒక పేజీ. రకరకాల దస్తూరీలు. ‘ఇక్కడ కుక్క కరవదు, యజమాని కరుస్తాడు.’ ‘నీలం గేటు ఆవిడ వింటుంది, కళ్ళు తుడుచుకుంటుంది, ప్రార్థనకి మాత్రం రాదు.’ ‘ఈ తాతగారికి ఎడమ చెవి వినపడదు, కుడివైపు కూర్చోండి.’ టీచరమ్మ పేజీలో ఎవరో ఎప్పుడో ‘వాదిస్తుంది, ఓపిక ఉంటేనే వెళ్ళండి’ అని రాశారు. రూళ్ళకర్ర దాని కింద తేదీ వేసి ‘వాక్యం విన్నది’ అని రాశాడు. పానా పుస్తకం లాక్కుని ‘వాషరు మార్చాం, ఏడాది దాకా ఢోకా లేదు’ అని చేర్చాడు. కొన్నాళ్ళుండి వెళ్ళిపోయే కుర్రాళ్ళకి పేటంతా అరచేతిలో ఉన్నట్టు కనపడేది ఆ పుస్తకం వల్లనే.

వీధి ఖాళీగా ఉంది. దుకాణాల షట్టర్లు దించేసి ఉన్నాయి. చలిగాలి మూలమలుపుల్లో కాచుకుని ఉన్నట్టు ఎదురొచ్చి కొడుతోంది. పానాకి పది రోజులుగా దగ్గు. దగ్గినప్పుడల్లా ఆగి, గోడ మీద చెయ్యి వేసి, మళ్ళీ నడిచేవాడు.

“ఇవాళ అమ్మతో చెప్పేస్తానన్నా.”

“ఏమని?”

“వాక్యం చెప్పే అయ్యగారిని కాలేనని. వచ్చి నాన్నతో పనికెళ్తానని.”

రూళ్ళకర్ర వీధి పుస్తకం సంచీలో పెట్టుకున్నాడు. “పండగపూట తల్లి మనసు కష్టపెట్టడం ఎందుకు తమ్ముడూ? ఉత్తరం రాయొచ్చుగా.”

“నాలుగుసార్లు రాసి చింపేశా. చదువుతున్నప్పుడు ఆవిడ మొహం నాకు కనపడదు కదా. మొహం చూస్తూ చెప్పాలి. ఇవాళ తప్పితే మళ్ళీ ఇంటికెళ్ళాకే. అప్పటికి ఆవిడ సంఘంలో అందరికీ చాటేసి, నాకు కొలతల్లేకుండానే కోటు కుట్టించేస్తుంది.”

అతను ఏడో నెలలో పుట్టాడు. అరచేయంత ఉన్నాడట. డాక్టరు పెదవి విరిచేశాడు. ఆ రోజు వాళ్ళమ్మ ఆసుపత్రి వరండాలో మోకాళ్ళ మీద పడి, వీణ్ణి బతికిస్తే రెండేళ్ళు నీ పనికి పంపుతానని మొక్కుకుంది. మొక్కినప్పుడు రెండేళ్ళే. పిల్లవాడు నడిచి, పరిగెత్తి, బడికి వెళ్ళడం మొదలుపెట్టాక మొక్కు కూడా పెరిగింది. రెండేళ్ళ సేవ కాస్తా జీవితమంతా సేవ అయింది. దేవుడేమీ పెంచమని అడగలేదు, ఆవిడే పెంచుకుంది. తండ్రి కుళాయిల పనివాడు, పొదుపుగా మాట్లాడే మనిషి. పనిలో ఉన్నప్పుడు వెనక్కి చూడకుండా చెయ్యి చాపేవాడు. ఏ సైజు పానా కావాలో కొడుక్కి తెలిసిపోయేది. వాళ్ళిద్దరి మధ్యా పన్నెండేళ్ళు నడిచిన సంభాషణ అంతా అంతే. పానాకి ప్రపంచంలో అంతకన్నా తీయని సంభాషణ మరొకటి తెలియదు. దాన్ని వదులుకుని జీవితాంతం గద్దె మీద నిలబడి మాట్లాడాలంటే అతనికి గుండెల్లో రాయి పడేది.

ఇంటికి ఫోను ఏడాదికి ఒక్కసారి, పెద్ద పండుగ రోజున. మనిషికి అరగంట. మనసు ఇంటి మీదికి మళ్ళితే సేవ సాగదని ఆ రూలు. పోయినేడాది అరగంటా వాళ్ళమ్మ ఏడుపుతోనే సరిపోయింది. తెర మీద మొహం కనపడగానే “చిక్కి శల్యమైపోయావు కదరా నా తండ్రీ” అని మొదలుపెట్టింది. అంతే, ఆనకట్ట తెగింది. అతను ఏం తింటున్నాడో, ఎన్నిసార్లు తింటున్నాడో చెప్పేసరికి టైమైపోయింది. ఈ ఏడాది అతను ఇంకో నాలుగు కిలోలు తగ్గాడు.

“ఆవిడ కళ్ళు నా దవడల మీద పడకూడదన్నా. పడితే నా మాటకి చోటుండదు.”

“ఫోను దూరంగా పెట్టుకో” అన్నాడు రూళ్ళకర్ర. ఆ తర్వాత, ఎటో చూస్తూ, “నా అరగంట కూడా నువ్వే తీసుకో. నాకు చేయడానికి ఎవరున్నారు?” అన్నాడు.

అతను హాస్టళ్ళలో పెరిగినవాడు. ఆ మాట అతను ఏ బరువూ లేకుండా అన్నాడు. పానా మాత్రం నడక ఆపేసి, రోడ్డు మధ్యలో అతన్ని గట్టిగా కౌగలించుకున్నాడు. రూళ్ళకర్ర నిటారుగానే నిలబడ్డాడు, కానీ ఒక చెయ్యి ఎత్తి తమ్ముడి వీపు మీద రెండుసార్లు తట్టాడు.

వాళ్ళ గది ఒక పాత ఇంటి మేడ మీద. కింద ఇంటావిడ ఉంటుంది. గదిలో రెండు ఇనుప మంచాలు, మధ్య ఒక బల్ల, గోడ మీద ఆ పేట పటం. పటంలో వెళ్ళిన ఇళ్ళకి ఆకుపచ్చ చుక్కలు, రావద్దన్న ఇళ్ళకి ఎర్ర చుక్కలు. గది చివర బాత్రూము. దానిలో గ్యాసుతో నీళ్ళు కాచే పాత గీజరు గోడకి వేలాడుతూ ఉంటుంది. దాని పైన అడుగు వెడల్పు కిటికీ. దానికి తలుపు లేదు, ఇనుప కడ్డీలే. ఆ కడ్డీల్లోంచి వచ్చే గాలికి స్నానం చేస్తుంటే వీపు సగం ఉడికి, సగం గడ్డకట్టేది.

రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిన్నారు. పానా ఇస్త్రీపెట్టె వేడిచేసుకుని, అటు తిరిగి, తన మంచం మీదే దుప్పటి పరిచి చొక్కా ఇస్త్రీ చేసుకుంటున్నాడు. మధ్య మధ్య దగ్గుతున్నాడు. ఆ దగ్గు వింటూ రూళ్ళకర్ర కాసేపు బాత్రూము వంక చూశాడు. తర్వాత వంగి తన మంచం కిందినుంచి మూడు కట్టలు బయటికి లాగాడు.

అవి పాత కరపత్రాలు. ప్రార్థన మందిరం వేరే వీధికి మారకముందు అచ్చయినవి. చిరునామా తప్పు కాబట్టి పంచడానికి లేదు. వాక్యం అచ్చయి ఉంది కాబట్టి చింపడానికి, కాల్చడానికి, పాత కాగితాలవాడికి వేయడానికి చేతులు రావు. ఏం చేయాలో రూల్సు పుస్తకంలోనూ లేదు. జంటల తర్వాత జంటలు వాటిని మంచం కిందే ఉంచి వెళ్ళాయి. రూళ్ళకర్ర స్టూలెక్కి, ఒక్కొక్క కట్టా కడ్డీల మధ్య ఇరికించి, ఖాళీలున్నచోట విడి కాగితాలు మడిచి కూరాడు. చేత్తో నొక్కి చూసుకున్నాడు. గాలి ఆగిపోయింది.

నాలుగున్నరకి తువ్వాలు భుజాన వేసుకుని లోపలికి వెళ్ళిన పానా, ఒక్క క్షణంలో తల బయటికి పెట్టాడు.

“అన్నా! నువ్వేనా? ఏ రూలు ప్రకారం?”

“సహోదరుణ్ణి కనిపెట్టుకుని ఉండమని మొదటి పేజీలోనే ఉంది.”

“ఇన్నాళ్ళకి ఆ కరపత్రాలు ఒకణ్ణి రక్షించాయి చూశావా? మూడో గడిలో ఒకటి వేసుకోవచ్చు!”

రూళ్ళకర్ర ఆ రోజు నవ్వాడు. పళ్ళు కనపడేలా నవ్వాడు. తర్వాత ఎన్నిసార్లు తలుచుకున్నా అతనికి ఒళ్ళు జలదరించేది అందుకే. తను నవ్వాడు.

“తొందరగా రా. ఐదింటికి ఫోను.”

“పండగ స్నానం అన్నా. తల కూడా రుద్దుకుంటా. ఆవిడ ముందు కాస్త మనిషిలా కనపడొద్దూ?”

తలుపు మూసుకుంది. గీజరు భగ్గున అంటుకున్న చప్పుడు, బకెట్టులో ధార పడుతున్న చప్పుడు. పానాకి పాట రాదు కానీ నీళ్ళు తగిలితే పాడేవాడు.

ఫోను ముందే మోగింది. అప్పటికి ఇంకా పావు తక్కువ ఐదు. తెర మీద వాళ్ళమ్మ, నుదురు మాత్రమే కనపడేంత దగ్గరగా.

“ఐదింటిదాకా ఆగలేకపోయాను బాబూ. తప్పా?”

“తప్పేం లేదమ్మా. స్నానం చేస్తున్నాడు. పిలవనా?”

“వద్దొద్దు, తడి ఒంటితో వచ్చేస్తాడు, అసలే జలుబు మనిషి. చేయనీ. అదుగో, వాడి గొంతే కదూ?”

రూళ్ళకర్ర ఫోను తలుపువైపు పట్టుకున్నాడు. లోపలినుంచి ఆ పాట, ఎత్తుకోవాల్సినచోట దించి, దించాల్సినచోట ఎత్తి, వస్తూ ఉంది. వాళ్ళమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. వెనక కుర్చీలో వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నాడు. తల దువ్వుకుని, శుభ్రమైన చొక్కా తొడుక్కుని, ఫోటోకి కూర్చున్నట్టు ఉన్నాడు.

“చిక్కాడా బాబూ? నిజం చెప్పు.”

రూళ్ళకర్ర జీవితంలో అబద్ధం ఆడలేదు. “బాగా పని చేస్తాడమ్మా” అన్నాడు.

“తెలుసులే.” ఆవిడ గొంతు తగ్గించింది. “నీకో సంగతి చెప్తాను, వాడితో అననని ఒట్టు వెయ్యి, నేనే చెప్పాలి. వాడి ఉత్తరాలన్నీ దాచాను. మొన్న అన్నీ ఒక్కచోట పెట్టి చదివాను. దేవుడి గురించి రెండు ముక్కలుంటాయి, మిగతాదంతా ఎవరింట్లో పైపు పగిలింది, ఎలా అతికాడు, ఇదే. చదివి చదివి నాకే నవ్వొచ్చింది. నేను మొక్కింది రెండేళ్ళు బాబూ. మిగతాదంతా నా ఆశ. వాణ్ణి అడగకుండా వాడి బతుకంతా నేనెలా ఇచ్చేస్తాను? వచ్చాక వాళ్ళ నాన్నతోనే పనికి పంపిస్తాను. షాపు బోర్డు మీద వాడి పేరు కూడా రాయించాం. పండగ కానుక. ఇవాళ వాడికి చూపిస్తాను.”

వెనక కుర్చీలో మనిషి బోర్డు ఎత్తి ఒళ్ళో పెట్టుకున్నాడు. దాని అంచు మాత్రం తెరలో కనపడింది.

రూళ్ళకర్రకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి తలుపు బాది చెప్పేయాలనిపించింది. పొద్దుట్నుంచీ ఆ కుర్రాడు ఏ మాట చెప్పడానికి గుండె చిక్కబట్టుకుంటున్నాడో ఆ మాట అవతలినుంచే వచ్చేసింది. కానీ అనకూడదని ఒట్టు వేయించుకుంది ఆవిడ. ఒట్టంటే ఒట్టే. కూర్చున్నాడు. ఆవిడ బోర్డుకి ఏ రంగు వేయించారో, పేరు ఎంత పెద్దగా రాయించారో, ఎదురింటివాళ్ళు ఏమన్నారో చెప్పింది. చిన్నప్పుడు వాణ్ణి నీళ్ళలోంచి తీయడానికి ఎంత గొడవయ్యేదో చెప్పింది. అతను ఊ కొడుతూ విన్నాడు. ఒక తల్లి తనతో అంతసేపు మాట్లాడటం అతనికి కొత్త. బాగుంది. లోపల పాట ఎప్పుడు ఆగిందో అతను గమనించలేదు. నీళ్ళ చప్పుడు మాత్రం వినపడుతూనే ఉంది.

ఐదు దాటి పది నిమిషాలైంది.

“ఇంకా కాలేదా వీడి స్నానం?” అంది ఆవిడ.

రూళ్ళకర్ర కిందికి చూశాడు. తలుపు కిందినుంచి నీళ్ళు పల్చగా గదిలోకి వస్తున్నాయి. వెచ్చగా ఉన్నాయి. అతని మేజోళ్ళు తడిసిపోయాయి.

“తమ్ముడూ” అన్నాడు. తట్టాడు. “ఒరేయ్” అన్నాడు. ఆ కుర్రాణ్ణి అతను ఎప్పుడూ ఒరేయ్ అని పిలవలేదు. భుజంతో కొట్టాడు. గొళ్ళెం మూడో దెబ్బకి ఊడింది.

పానా గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. తల పక్కకి వాలి ఉంది. తలంతా సబ్బు నురగ. జాలారి మీద తువ్వాలు పడి నీళ్ళు పోవడం లేదు. బకెట్టు నిండి పొర్లుతోంది. గీజరులో నీలం మంట వెలుగుతూ ఉంది.

ఫోను ఏమైందో అతనికి తెలియదు. బల్ల మీద పెట్టాడో, పడేశాడో. దానిలోంచి ఆవిడ “ఏమైంది బాబూ, ఏమైంది” అంటూ ఉంది. ఆవిడ గొంతు మీదుగా, ఆ సాయంత్రం మొదటిసారి, ఆ మాటలు లేని మనిషి గొంతు వినపడింది.

“గ్యాసు కట్టెయ్యి. కిటికీ తెరువు బాబూ. ముందు కిటికీ తెరువు.”

రూళ్ళకర్ర స్టూలెక్కాడు. తను కూరినవన్నీ తనే పీకాడు. చలిగాలి ఒక్కసారిగా లోపలికి వచ్చింది. కరపత్రాలు తడి నేల మీద పడి, సిరా ఊరి, ఒకదానికొకటి అంటుకుపోయాయి.

తర్వాత జరిగినవన్నీ చాలా నెమ్మదిగా, ఎవరో వేరేవాళ్ళకి జరిగినట్టు జరిగాయి. అంబులెన్సు మనుషులు ఇద్దరు మెట్లెక్కి వచ్చారు. ఒకాయన గుండె మీద నొక్కుతూ అంకెలు లెక్కపెట్టాడు. చాలాసేపు లెక్కపెట్టాడు. ఆపాడు. ఇంకొకాయన గీజరు వంక, కిటికీ వంక, నేల మీది కాగితాల వంక చూసి టోపీ తీసేశాడు. గాలి ఆడకపోతే ఆ మంటలోంచి పుట్టే రంగూ వాసనా లేని విషమట. నిద్ర వచ్చినట్టు ఉంటుందట. నొప్పి తెలియదట. ఆ మాట ధైర్యం చెప్పడానికి అన్నారు. ఆ విషానికే పానా చెంపలు గులాబీ రంగులోకి తిరిగాయి. పదహారు నెలల్లో అతను అంత ఆరోగ్యంగా ఎప్పుడూ కనపడలేదు. చూస్తుంటే కోపం వచ్చేంత ఆరోగ్యంగా ఉన్నాడు.

వాళ్ళు ప్రశ్నలు అడిగారు. రూళ్ళకర్ర అన్నిటికీ జవాబు చెప్పాడు. “కిటికీ నేనే మూశాను” అని అడగకముందే చెప్పాడు. మళ్ళీ చెప్పాడు. టోపీ తీసిన ఆయన అతని భుజం మీద చెయ్యి వేసి, అర్థమైంది, ఇక చాలు అన్నాడు.

కింది ఇంటావిడ గుమ్మంలో నిలబడి ఉంది.

“నేను చెప్పాను. ఆ కిటికీకి నేనే తలుపు పీకించాను. ఎట్టి పరిస్థితిలోనూ మూయొద్దని చెప్పాను.”

“ఎవరికి చెప్పారండీ?”

“మొదట వచ్చిన జంటకి. తొమ్మిదేళ్ళయింది. తర్వాత వచ్చేవాళ్ళకి మీరే చెప్పండి, మీరు ఒకళ్ళకొకళ్ళు అన్నీ అప్పగించుకుంటారు కదా అన్నాను. సరేనన్నారు. మంచి పిల్లలు.”

రూళ్ళకర్ర వీధి పుస్తకం తెరిచాడు. కుక్కలున్న ఇళ్ళు, చెవి వినపడని తాతలు, ఏడ్చే ఆవిడలు, వాదించే ఆవిడలు. ఎవరింట్లో ఏ మెట్టు విరిగి ఉంది, ఏ గేటు ఎటు తెరుచుకుంటుంది. తొమ్మిదేళ్ళు, ఇరవై జంటలు, రెండు వందల ఇళ్ళు. చివరి పేజీ దాకా తిప్పాడు. తాము ఉండే ఇంటికి పేజీ లేదు. ఎవరైనా తమ ఇంటి గురించి తాము ఎందుకు రాసుకుంటారు? దీపం కింద చీకటి అంటారు కదా, ఇరవై జంటలు ఆ చీకట్లోనే పడుకుని లేచాయి. దారి ఎక్కడ తెగిందో, ఏ జంట ఏ జంటకి చెప్పడం మరిచిపోయిందో ఇక ఎవరూ చెప్పలేరు.

ఫోను బల్ల కింద దొరికింది. ఇంకా కట్టలేదు. తెరలో ఎవరూ లేరు, ఖాళీ కుర్చీ మాత్రం ఉంది. ఎక్కడో దూరంగా వేరే గదిలోంచి ఆవిడ గొంతు వస్తూ ఉంది, మాటలుగా కాదు. రూళ్ళకర్ర ఏదైనా చెప్పాలనుకున్నాడు. ‘వాడు కూడా అదే అడగాలనుకున్నాడమ్మా’ అని చెప్పాలి. ఆవిడ మొహం చూస్తూ చెప్పాలి. నోరు తెరిచాడు. మాట గొంతులో అడ్డం పడింది. పదహారు నెలలు ఆ కుర్రాడికి ఎలా ఉండేదో అతనికి అప్పుడు తెలిసింది.

చీకటి పడకముందే వాళ్ళు పానాని దుప్పటి కప్పి తీసుకువెళ్ళారు. పెద్దయ్యగారు వచ్చి, కాసేపు మోకాళ్ళ మీద ఉండి, లేచి, “ఇంటికి పంపేముందు తొడగడానికి మంచి బట్టలు ఒక జత తీసి ఉంచు బాబూ” అని చెప్పి, కాగితాల పని చూడటానికి కిందికి వెళ్ళారు. మెట్ల మీద ఆయన అడుగుల చప్పుడు కూడా అయిపోయాక, రూళ్ళకర్ర గదిలో ఒక్కడే ఉన్నాడు. సేవకి వచ్చాక అతను ఒక గదిలో ఒక్కడే ఉండటం అదే మొదటిసారి. పక్కకి చూశాడు. అలవాటు కొద్దీ ఇంకోసారి చూశాడు.

పానా మంచం దగ్గరికి వెళ్ళాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా మడత పెట్టకుండా దుప్పటి మీద పరిచి ఉంది. కాలరు చుట్టూ టై కూడా సిద్ధంగా ముడి వేసి ఉంది. భుజాల దగ్గర పట్టుకుని ఎత్తబోయాడు. చొక్కా అంత బరువు ఉండకూడదు. మెడ దగ్గర వేలు పెట్టి చూశాడు. లోపల స్వెట్టరు ఉంది. చేతుల్లో చేతులు దూర్చి, ముడత లేకుండా సర్ది ఉంది. దాని లోపల ఇంకో స్వెట్టరు. దాని లోపల రెండు బనియన్లు, భుజాల దగ్గర సూది దారంతో నాలుగు కుట్లు వేసి కలిపి, ఒక్కసారే తొడుక్కోవడానికి వీలుగా ఉన్నాయి. వాళ్ళమ్మ కళ్ళు దవడల మీద పడినా, ఛాతీ చూసి మోసపోతుందని అతని లెక్క. ఆ గంటలో తన మాటకి చోటు దొరుకుతుందని అతని ఆశ.

రూళ్ళకర్ర దాన్ని ఎత్తలేకపోయాడు. మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు, వంగిపోయి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని. మంచం మీద ఆ చొక్కా, గుండీలన్నీ పెట్టుకుని, కాస్త ఒళ్ళు చేసిన మనిషిలా, వెల్లకిలా పడుకుని ఉంది.